అవగాహన లేనిదే పన్ను పీకబడదు

నగర దంతవైద్యశాల ముఖద్వారం మీద కిందటి నెల మొదటి తేదీన ఒక కొత్త బోర్డు వెలిసింది. "ఇకమీదట ఈ వైద్యశాలలో, తగిన అవగాహన లేని ఏ రోగి పన్నూ ఎట్టి పరిస్థితులలోనూ పీకబడదు" అని దాని మీద రాసి ఉంది. పంటినొప్పితో కళ్ళు సగం మూసుకుని వచ్చేవాళ్ళు కూడా చదువుకోగలిగేటంత పెద్ద అక్షరాలు వేయించారు. రోగుల సౌకర్యం విషయంలో యాజమాన్యం ఏనాడూ వెనకాడలేదు.

ఈ నిర్ణయం ఊరికే తీసుకున్నది కాదు. అంతకుముందు పన్నెండేళ్ళపాటు ఆ వైద్యశాలలో దారుణమైన పరిస్థితి నడిచింది. జనం దవడ పట్టుకుని వచ్చేవారు, కుర్చీలో కూర్చునేవారు, నోరు తెరిచేవారు, పన్ను పీకించుకుని దూది కొరుక్కుంటూ ఇంటికి పోయేవారు. పోయి, నాలుగోరోజుకల్లా నయమైపోయేవారు. తమకు జరిగింది ఏ రకం శస్త్రచికిత్సో, దాని పూర్తి పేరేమిటో, దవడలో ఏ నరం ఎటు పోతుందో ఏమీ తెలియకుండానే నయమైపోయేవారు. పైనుంచి వచ్చిన తనిఖీ బృందం ఈ సంగతి పసిగట్టి నిర్ఘాంతపోయింది. నయమైన వారిలో నూటికి తొంభై ఎనిమిది మంది అజ్ఞానంలోనే నయమయ్యారని నివేదికలో రాసింది. మిగిలిన ఇద్దరూ ఆ వైద్యశాలలో పనిచేసే డాక్టర్లు.

దాంతో రోగి అవగాహనా విభాగం పుట్టింది. ప్రారంభోత్సవంలో డైరెక్టరుగారు నలభై నిమిషాలు ప్రసంగించారు. "ఇంతకాలం మనం పళ్ళు మాత్రమే పీకాం. ఇవాళ్టినుంచి అజ్ఞానాన్ని కూకటివేళ్ళతో సహా పీకబోతున్నాం! పన్నుదేముంది, ఇవాళ కాకపోతే రేపు పోతుంది. అవగాహన అలా కాదు. నొప్పి ఎవరికైనా వస్తుంది. ఆ నొప్పి ఎందుకు వచ్చిందో వివరించగలిగినవాడే నిజమైన రోగి!" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. ముందు వరుసల్లో కూర్చున్న రోగులకు నోటితో చేయగలిగింది ఏమీ లేకపోవడం వల్ల చేతులకు బాగా పని చెప్పారు.

సరిగ్గా ఈ స్వర్ణయుగంలోనే సెలూన్ మాస్టారికి పన్ను నొప్పి మొదలైంది.

వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. రెండు కుర్చీలు, గోడంతా పరుచుకున్న ఒక అద్దం, దాని ముందు ముప్పై ఒక్క ఏళ్ళ నిలబాటు, ఇదీ ఆయన ఆస్తి. మనుషుల్ని ఎదురుగా చూసి మాట్లాడే అలవాటు ఆయనకు పోయి చాలా కాలమైంది. వెనక నిలబడి, అద్దంలో కనబడే ముఖంతో మాట్లాడతాడు. మాటలంటే అలాంటిలాంటి మాటలు కావు. కత్తెర ఆగినా నోరు ఆగదు. జుట్టు పెరగకపోయినా కబుర్ల కోసం వచ్చి కూర్చునేవాళ్ళు వారానికి పదిమందైనా ఉంటారు.

అలాంటి మనిషి నోరు మూతపడింది. కింది దవడలో కుడివైపు, వెనకనుంచి రెండో పన్ను. లోపల పుచ్చి, చీము పట్టి, బుగ్గ గుండ్రంగా వాచింది. మూడురోజులు సెలూన్‌లో కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. వచ్చినవాళ్ళకు పరామర్శకు వచ్చినట్టు అనిపించి, సగం జుట్టుతోనే లేచి వెళ్ళిపోయారు.

"లవంగనూనె రాసీ రాసీ మీ పన్ను సంగతేమో గానీ నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఇక లేవండి, ఆసుపత్రికి పోదాం" అంది ఆయన భార్య నాలుగోనాటి ఉదయం. ఆయన లేచాడు. నోరు బాగున్న రోజుల్లో అయితే కనీసం గంటసేపు వాదించేవాడు.

వైద్యశాలలో పన్ను పీకే గది ఎటని అడిగితే, ముందు అవగాహనాధికారిని కలవమన్నారు. ఆ అధికారి చాలా యోగ్యుడు. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి శస్త్రచికిత్స గదిలోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. అందుచేత ఆ విషయం మీద ఆయనకున్న పరిజ్ఞానం ఏ అనుభవంతోనూ కలుషితం కాలేదు. మాస్టారు బుగ్గ చేత్తో పట్టుకుని, తన తాత ఇదే వీధిలో గడ్డాలు గీస్తూ పనిలో పనిగా పళ్ళు కూడా పీకేవాడని, దానికి ఏ కాగితమూ ఉండేది కాదని ముక్కుతూ మూలుగుతూ చెప్పాడు. అధికారి సానుభూతితో విని, దరఖాస్తులో "కుటుంబంలో అజ్ఞానపు చరిత్ర" అన్న గడిలో "ఉంది" అని రాసుకున్నాడు.

తర్వాత నూటనలభై పేజీల పుస్తకం చేతికిచ్చాడు. దాని పేరు "నోటి శస్త్రచికిత్స: రోగులకు అతి సులభ పరిచయం". మాస్టారు మధ్యలో తెరిచాడు. "దంతోత్పాటనానంతర రక్తస్రావ నియంత్రణార్థము రోగిచే దూదియుండ నిర్ణీత కాలపర్యంతము అనవరతముగా కొరకబడవలెను" అని ఉంది. ఆయనకు పంటి నొప్పితోపాటు తలనొప్పి కూడా పట్టుకుంది.

"రోజుకో తరగతి చొప్పున ఐదు తరగతులు. ఆరోరోజు పొద్దున పరీక్ష. ప్యాసైతే ఆ పూటే పీకేస్తారు. మీరేం కంగారు పడకండి, మేం ఎవరినీ తొందరపెట్టం" అన్నాడు అధికారి.

తరగతి గదిలో ముప్పైమంది ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో వైపు బుగ్గ వాచి ఉంది. బల్ల మీద సున్నంతో చేసిన ఇంత పెద్ద దవడ. అధికారి బెత్తంతో ఒక్కో పన్నునూ తట్టి చూపిస్తూ పాఠం చెబుతుంటే, తట్టినప్పుడల్లా గదిలో ఎవరో ఒకరు అబ్బా అనేవారు. నొప్పి మాత్రలు వేసుకుంటే మగతలో పాఠం ఎక్కదని వాటిని నిషేధించారు. రెండోరోజు పాఠం మధ్యలో ఒక అవ్వ పన్ను దానంతటదే ఊడి పుస్తకంలో పడింది. నిర్ణీత పాఠ్యాంశాలు పూర్తి కాకుండానే పన్ను రాల్చుకున్నందుకు మూడురోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలని ఆమెకు నోటీసు అందింది. ఇద్దరు ముగ్గురు నొప్పి భరించలేక పొరుగూరు పోయి పీకించుకున్నారు. వాళ్ళను "అవగాహనతోనే స్వస్థత పొందినవారు" అన్న జాబితాలో చేర్చారు. ఆ జాబితా రోజురోజుకూ పెరుగుతుంటే విభాగంలో ఉత్సాహం కూడా పెరిగింది.

తరగతి గది పక్కనే శస్త్రచికిత్స గది. అందులో వైద్యురాలు ఒక్కతే కూర్చుని ఉండేది. పొద్దున పట్టకార్లు మరిగించేది, ఎవరూ రాకపోతే సాయంత్రం మళ్ళీ మరిగించేది. నాలుగోరోజు ఆవిడ వరండాలో మాస్టారిని ఆపి, దవడ కింద వేళ్ళు పెట్టి నొక్కి చూసింది. ఆవిడ ముఖం మారింది.

"వాపు కిందికి దిగుతోంది మాస్టారూ. గొంతు దాకా వచ్చిందంటే మింగడం కష్టం, ఊపిరి తీసుకోవడం కష్టం. శనివారం దాటనివ్వకండి" అని చెప్పి, ఎవరూ చూడకుండా ఓ మాత్రల పొట్లం ఆయన జేబులో పడేసింది. వైద్యశాలలో మాత్రలు దొంగచాటుగా ఇవ్వాల్సి రావడం ఆవిడకు ఇంకా కొత్తగానే ఉన్నట్టుంది.

ఆ రోజు నుంచి మాస్టారు కూడా మారిపోయాడు. ఇక ప్రాణం మీదికి వచ్చిందని తెలిసి చదువు మీద పడ్డాడు. సెలూన్ తలుపు మూసేసి, అద్దం ముందు కూర్చుని పుస్తకం బట్టీ పట్టాడు. మత్తు సూది ఎక్కడ వేస్తారో, పెదవి ఎంతసేపు మొద్దుబారుతుందో, పన్ను పోయిన గుంటలో రక్తం ఎందుకు గడ్డకట్టాలో, ఆ గడ్డ కదిలితే ఏమవుతుందో అన్నీ కంఠతా వచ్చేశాయి. భార్య గంజి ఇస్తే, దాన్ని "ద్రవాహారము" అనడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు బళ్ళో ఏ మాస్టారూ ఆయన్ని మెచ్చుకోలేదు. ఇప్పుడు అధికారి ప్రతి ప్రశ్నకూ ఆయన్నే లేపి జవాబులు చెప్పించేవాడు. దవడ పగిలిపోతున్నా ఆయనకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

శనివారం పొద్దున పరీక్ష. యాభై మార్కులకు ఆయనకు నలభై తొమ్మిది వచ్చాయి. "దంతోత్పాటనము" అని రాయాల్సిన చోట "పన్ను పీకడం" అని రాసినందుకు ఒక మార్కు పోయింది. బ్యాచ్ మొత్తానికి ఆయనే మొదటివాడు. అధికారి కరచాలనం చేసి, బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్టు ఇచ్చాడు. జీవితంలో ఆయన చేతికి వచ్చిన మొదటి సర్టిఫికెట్టు అది. వరండాలో నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు, భార్యకు కూడా చదివి వినిపించాడు. ఆ ఐదు నిమిషాలూ ఆయనకు పన్ను ఉన్న సంగతే గుర్తులేదు.

సర్టిఫికెట్టు పట్టుకుని శస్త్రచికిత్స గదిలోకి వెళ్ళి కుర్చీలో వాలాడు. వైద్యురాలు చాలారోజుల తర్వాత పని దొరికిన సంతోషంలో చేతులకు తొడుగులు వేసుకుని, పరీక్ష కాగితం చూసింది, ఆయన నోట్లోకి చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

"నొప్పి ఎటువైపు మాస్టారూ?"

ఆయన కుడిబుగ్గ చూపించాడు. గుడ్డివాడు కూడా తడిమి చెప్పగలిగేటంత వాపు.

"కాగితంలో ఎడమ పన్ను అని ఉందే!"

సంగతేమిటంటే, పదిహేడో ప్రశ్నలో ఒక నోటి బొమ్మ ఇచ్చి, పీకాల్సిన పన్ను మీద ఇంటూ గుర్తు పెట్టమన్నారు. ఆ బొమ్మ, ఎదురుగా నిలబడిన డాక్టరుకు నోరు ఎలా కనిపిస్తుందో అలా గీసింది. అంటే రోగి కుడివైపు పళ్ళు కాగితంలో ఎడమచేతి వైపు ఉంటాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అద్దంలోనే లోకాన్ని చూసిన మాస్టారికి, కాగితం కుడివైపు ఉన్నది తన కుడివైపేనని అనుమానమైనా కలగలేదు. బల్లగుద్దినట్టు అక్కడే ఇంటూ కొట్టాడు. దిద్దిన అధికారికీ తప్పు కనబడలేదు. ఎందుకంటే రోగి హక్కులను గౌరవిస్తూ, ఆ ప్రశ్నకు రోగి ఎక్కడ గుర్తు పెడితే అదే సరైన జవాబని నిర్ణయించారు.

వైద్యురాలు అధికారిని పిలిపించింది. ఆయన వచ్చి, గదిలోకి చూడాల్సిన అవసరం రాకుండా వీపు తిప్పి గుమ్మంలో నిలబడ్డాడు. విషయమంతా విని, గోడ వైపు చూస్తూ తీర్పు చెప్పాడు.

"ఇందులో తికమక ఏమీ లేదు. మీ ఎడమవైపు పన్ను గురించి ఈ నగరంలో మీకున్నంత అవగాహన ఇంకెవరికీ లేదు. దాన్ని ఈ క్షణమే, సగౌరవంగా పీకించుకోవచ్చు. కుడివైపు పన్ను విషయంలో మాత్రం మీరు ఇంకా అజ్ఞాని. దానికి మళ్ళీ చేరాల్సి ఉంటుంది. కొత్త బ్యాచ్ సోమవారం మొదలు."

"అది బాగున్న పన్ను సార్! ఇది చూడండి, ఇక్కడ చీము కారుతోంది. నా కళ్ళకు కనబడుతోంది కదా" అంది వైద్యురాలు.

"మీకు కనబడితే చాలదు డాక్టరుగారూ. అవగాహన రోగికి ఉండాలి" అన్నాడు ఆయన. తర్వాత గొంతు తగ్గించి, "మాస్టారూ, కాస్త పెద్దమనసుతో ఆలోచించండి. మొదటి బ్యాచ్‌లో మీరు ఫస్టు వచ్చారని పేపరుకు పంపేశాం. ఫస్టు వచ్చినాయనే తన పన్ను తాను తప్పు చూపించాడంటే విభాగం పరువేం కావాలి? అటుదైనా ఇటుదైనా ఉన్నది ఒకే నోట్లో కదా" అన్నాడు.

మాస్టారి తల దిమ్మెక్కింది. సోమవారం నుంచి ఆరురోజులు. గుటక వేస్తే అప్పటికే గొంతులో ఏదో అడ్డం పడుతోంది. ఇంకోపక్క బంగారు అంచు సర్టిఫికెట్టు ఒళ్ళో ఉంది. నొప్పితో మనిషి ఆలోచనలు ఎటు పోతాయో చెప్పలేం. ఒకదాన్ని పీకితే ఆ అదురుకు రెండోదైనా దారికొస్తుందేమోనని ఆశపడి, "పోనీ... అదే... పీకెయ్యండి" అన్నాడు.

వైద్యురాలు పట్టకారు ఠక్కున పళ్ళెంలో పడేసింది. "బాగున్న పన్ను నేను పీకను. ఎవరికెంత అవగాహన ఉన్నా సరే, నా చేత్తో పీకను."

ఆరురోజులుగా బయట బల్ల మీద కూర్చుని ఉన్న మాస్టారి భార్య అప్పటికి ఇక ఆగలేక లోపలికి వచ్చేసింది.

"ఏంటండీ మీరంతా ఈయన అవగాహన పట్టుకుని వేలాడుతున్నారు? ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను. ఈయనకు ఏ విషయమైనా సరిగ్గా అర్థమైందా అని నన్నడగండి, చెబుతాను. ఉప్పు డబ్బా ఏదో పంచదార డబ్బా ఏదో ఇవాళ్టికీ తెలియదు. ఈయనకేం తెలుసని కాగితాలు రాయించారు?"

అధికారి నొచ్చుకున్నాడు. మాస్టారు అంతకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు. వైద్యురాలి కళ్ళు మాత్రం మెరిశాయి. గబగబా సొరుగు తెరిచి నిబంధనల పుస్తకం తీసి, పదకొండో నిబంధన పైకి చదివింది. "రోగి అవగాహనకు బొత్తిగా అనర్హుడని అధికారి ధ్రువీకరించినచో, రోగి తరఫున దగ్గరి బంధువు సంతకము చేయవచ్చును. అట్టి సందర్భములో తరగతులు, పరీక్ష అవసరము లేదు."

అధికారి గడ్డం గోక్కున్నాడు. ఫస్టు వచ్చిన రోగి తప్పు చేశాడనడం విభాగానికి మచ్చ. అసలు ఆ రోగికి అవగాహన పొందే స్తోమతే లేదంటే, అతనికి నలభై తొమ్మిది మార్కులు తెప్పించిన బోధన ఎంత గొప్పదో తేలుతుంది. ఆ కోణం ఆయనకు నచ్చింది. అయితే ధ్రువీకరణకు మూడు ప్రశ్నలు అడగాలన్నాడు.

"పన్ను పీకాక నోట్లో పెట్టిన దూది ఎంతసేపు కొరికి ఉంచాలి?"

మాస్టారికి జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. కనీసం అరగంట. పేజీ తొంభై మూడు, రెండో పేరా. అడిగితే ఆ పేరా అంతా అప్పజెప్పగలడు. నోరు తెరవబోయేసరికి భార్య కాలు తొక్కింది. "తెలియదు" అన్నాడు.

"ఆ రోజు నోరు పుక్కిలించవచ్చా?"

పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే రక్తపు గడ్డ కదిలిపోతుంది, గుంట ఎండి నొప్పి పుడుతుంది. తరగతి మొత్తానికి ఈ జవాబు తనొక్కడే చెప్పాడు. "తెలియదు" అన్నాడు మళ్ళీ. ఈసారి కాలు తొక్కాల్సిన పని లేకపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పన్ను నొప్పికి మాత్రం కాదు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత కష్టపడి నేర్చుకున్న ఒకే ఒక్క చదువును, అందరి ముందూ రానట్టు నటించడం ఆయనకు నిజంగానే గుండెకోతగా ఉంది.

"మీ కుడిచెయ్యి ఏది?"

మాస్టారు ఎడమచెయ్యి ఎత్తాడు. అధికారి వీపు తిప్పుకునే ఉన్నాడు కాబట్టి వైద్యురాలే సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

వెంటనే బంగారు అంచు సర్టిఫికెట్టు వెనక్కి తీసుకుని, "అవగాహనకు అనర్హుడు" అని ఎర్రసిరాతో ముద్ర వేసిన ఇంకో కాగితం ఇచ్చారు. వాళ్ళు చూపించిన చోటల్లా భార్య ఏడు సంతకాలు పెట్టింది. వాటిలో ఏముందని ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు. వైద్యురాలు సూది వేసింది, పెదవి మొద్దుబారేదాకా ఆగింది, పట్టకారుతో పన్ను పట్టుకుని అటూ ఇటూ కదిపి బయటికి లాగింది. చీము వదిలింది. మొత్తం పది నిమిషాలు.

"అరగంట దూది కొరికి పట్టుకోండి. ఇవాళంతా ఉమ్మడం, పుక్కిలించడం వద్దు, వేడివి తినకండి. మాత్రలు ఆపకుండా వాడండి. మంగళవారం ఒకసారి కనబడండి" అంది ఆవిడ. నూటనలభై పేజీల్లో ఉన్నది ఇంతేనా అని మాస్టారు ఆశ్చర్యపోయాడు. అయినా ఇప్పుడు అధికారికంగా ఏమీ తెలియనివాడు కాబట్టి, మొదటిసారి వింటున్నట్టు బుద్ధిగా తలూపాడు.

బయట హాలు నిండా సోమవారం బ్యాచ్‌లో చేరడానికి వచ్చిన జనం. అందరి ఒళ్ళోనూ అతి సులభ పరిచయం. సెలూన్ మాస్టారు దూది కొరుక్కుంటూ నడిచివస్తుంటే అందరూ పేజీల్లోంచి తలెత్తారు. బుగ్గ ఇంకా వాచే ఉన్నా, ఆయన నడకలోనే తెలిసిపోతోంది.

"అయిపోయిందా? అప్పుడేనా? ఎలా అమ్మా?" అని ఒకావిడ అడిగింది.

"ఏముందమ్మా, ఏమీ తెలియదని రాయించుకున్నాం. పది నిమిషాల్లో పీకేశారు" అని మాస్టారి భార్య ఉన్నమాట చెప్పింది.

హాల్లో ముప్పై పుస్తకాలు ఒకేసారి మూతపడ్డాయి. సాయంత్రానికల్లా అనర్హతా ధ్రువపత్రాల కోసం వేరే కౌంటరు తెరవాల్సి వచ్చింది. మర్నాటికి క్యూ గేటు దాటింది. పంటినొప్పి లేనివాళ్ళు కూడా ఎప్పటికైనా పనికొస్తుందని వచ్చి నిలబడ్డారు. చదువుకున్నవాళ్ళు, కోటు వేసుకున్నవాళ్ళు, మూడు డిగ్రీలున్నవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ తమకేమీ తెలియదని నిరూపించుకున్నారు. ఒక్కరు కూడా తప్పలేదు. డైరెక్టరుగారు ఆ క్యూ చూసి పరవశించి, ప్రజల్లో ఇంత చైతన్యం తానెన్నడూ చూడలేదని ఇంకో నలభై నిమిషాలు ప్రసంగించారు. అవగాహనాధికారికి పదోన్నతి వచ్చింది. కొత్త కౌంటరుకు ఇప్పుడాయనే అధిపతి.

ఇక్కడిదాకా చదివి, ఆ క్యూలో ఎంతసేపు నిలబడాలోనని మీరేమీ బెంగపెట్టుకోకండి. రద్దీ తగ్గించడానికి వైద్యశాలవారు నిన్ననే ఒక వెసులుబాటు ప్రకటించారు. "పై విషయములన్నియు చదివి, పూర్తిగా అర్థము చేసుకొంటిని" అన్న వాక్యం కింద మీరు ఇంతవరకు పెట్టిన సంతకాల్లో ఏదో ఒకటి తెచ్చి చూపించండి చాలు. ప్రశ్నలేమీ అడగకుండా, అనర్హుల కింద నేరుగా లోపలికి పంపిస్తారట.